పిలుపు వచ్చిన ఇల్లు

పిల్లలు చదవడం లేదని, చెప్పిన మాట వినడం లేదని కుమిలిపోయే తల్లిదండ్రులకు ధైర్యం చెప్పే వ్యాసాలు మన కుటుంబ పత్రికల్లో తరచుగా వస్తుంటాయి. అటువంటి తల్లిదండ్రులు ప్రతి సంఘంలోనూ ఉన్నారు గనుక అవి అవసరమే. ఈ నెల మాత్రం మరొక రకమైన ఇంటిని గురించి వ్రాయదలిచాను. ఆ ఇంట్లో బిడ్డ దేనిలోనూ ఓడిపోలేదు. పైగా వాడు మాకు కావాలి, మాకు కావాలి అంటూ ఎక్కడెక్కడి నుండో మనుషులు ఫోన్లు చేస్తున్నారు. ఇటువంటి ఇంటికి కూడా ఆదరణ అవసరమని నేను ఈ మధ్యనే గ్రహించాను.

మా సంఘం చిత్తూరుకు దగ్గరలోని ఒక పల్లెలో ఉంది. చుట్టూ మామిడి తోటలు, ఇంటింటా పాడి ఆవులు. పొద్దున, సాయంత్రం పాల వ్యాను రావడమే మా ఊరికి గడియారం. ఆ వ్యాను నడిపే సహోదరుడు మా సంఘ సభ్యుడు. ఆయన భార్య మామిడి సీజనులో గుజ్జు ఫ్యాక్టరీకి పనికి పోతుంది. వారి పెద్ద కుమారుడు పదో తరగతి చదువుతున్నాడు. వయసు పదిహేను, ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు. మా క్రిస్మస్ నాటికలో వాడికి ఏనాడూ మాటలున్న పాత్ర దొరకలేదు. కర్రకు కట్టిన నక్షత్రాన్ని ఎత్తి పట్టుకోవడమే ప్రతి ఏడూ వాడి పని. నిచ్చెన లేకుండా మామిడికాయలు కోస్తాడని ఊళ్ళో ఎగతాళి చేసేవారు.

వాడి బడిలో వ్యాయామ ఉపాధ్యాయులు పాత ఇనుప స్తంభానికి ఒక రింగు బిగించి బాస్కెట్‌బాల్ నేర్పించారు. రెండేళ్ళలో వాడు మండలం దాటి, జిల్లా దాటి, రాష్ట్రస్థాయి పాఠశాలల పోటీలకు వెళ్ళాడు. అక్కడ ఎవరో వాడిని చూశారు. అప్పటి నుండి ఫోన్లు మొదలయ్యాయి.

ఒక ఆదివారం ఆరాధన ముగిశాక తండ్రి, తల్లి ఇద్దరూ నా దగ్గరకు వచ్చారు.

"అయ్యగారూ, మావోడ్ని పక్క రాష్ట్రంలో ఏదో అకాడమీ వాళ్ళు రమ్మంటా ఉండారు. తిండి, బట్టలు, బూట్లు అన్నీ వాళ్ళే ఇస్తారంట. దసరా లోపలే పంపమంటా ఉండారు. పంపించేదా, వద్దా?" అన్నాడు తండ్రి.

తల్లి మాత్రం ఒకే మాట అడిగింది. "పోయినోడు మళ్ళీ మావోడుగానే వస్తాడా అయ్యగారూ?"

నేను ఆటగాణ్ణి కాను. వేదాంత డిప్లొమా చదివే రోజుల్లో సాయంకాలం వేళ ఆవరణలో బంతి విసరడం తప్ప నాకు ఆ ఆట తెలియదు. "వారం రోజులు గడువివ్వండి, తెలుసుకొని చెబుతాను" అన్నాను. ఆ వారంలో తెలుసుకున్నవి, అంతకు ముందు చదివినవి ఇక్కడ మీతో పంచుకుంటున్నాను.

మొదట ఈ ఆట పుట్టుకను గురించి చెప్పాలి. దీన్ని కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ కెనడా దేశస్థుడు. 1861లో పుట్టి, తొమ్మిదేళ్ళ వయసులోనే తల్లిని, తండ్రిని పోగొట్టుకున్నాడు. మాంట్రియల్‌లో వేదాంత విద్య పూర్తి చేసి, పాదిరి కావలసినవాడు అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో చేరాడు. 1891 డిసెంబరులో బయట మంచు కురుస్తుంటే, లోపల కూర్చోలేక అల్లరి చేస్తున్న పద్దెనిమిది మంది విద్యార్థుల కోసం ఒక ఆట కావలసి వచ్చింది. పది అడుగుల ఎత్తులో రెండు పండ్ల బుట్టలు కొట్టించి, పదమూడు నియమాలు వ్రాశాడు. ఈ రోజుకీ రింగు ఎత్తు ఆ పది అడుగులే. తరువాత కాన్సస్ విశ్వవిద్యాలయంలో జట్టుకు శిక్షకుడయ్యాడు. విచిత్రమేమంటే, ఆ విశ్వవిద్యాలయ చరిత్రలో గెలుపులకన్నా ఓటములు ఎక్కువగా ఉన్న శిక్షకుడు ఆ ఆటను కనిపెట్టిన ఆయన ఒక్కడే. మన వైపు ఆటలు నేర్పే గురువులను తయారు చేయడానికి మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాల 1920లో మొదలైంది. దాన్ని స్థాపించిన హారీ క్రో బక్ కూడా ఆ స్ప్రింగ్‌ఫీల్డ్ పాఠశాల నుండి వచ్చినవాడే.

అల్లరి పిల్లలను చలికాలంలో కుదురుగా ఉంచడానికి పుట్టిన ఆట, వంద సంవత్సరాలలో కోట్ల డాలర్ల వ్యాపారమైంది. అమెరికాలో ఉన్నత పాఠశాల పిల్లల ఆట చూడడానికి కళాశాలల శిక్షకులు ఊరూరా తిరుగుతారు. నచ్చిన పిల్లవాడి ఇంటికి ఉత్తరాలు, ఫోన్లు మొదలవుతాయి. ఫీజు లేకుండా చదువు, హాస్టలు, భోజనం ఇస్తామంటారు. అక్కడి ఉన్నత పాఠశాలల్లో ఈ ఆట ఆడే మగపిల్లలు ఐదు లక్షలకు పైమాటే. పెద్ద పోటీల సంస్థ కింద కళాశాలల్లో ఆడేవారు ఇరవై వేల లోపు. అందరికన్నా పైనున్న ఎన్‌బీఏ సంఘంలో జట్లు ముప్పై. ప్రతి ఏడూ కొత్తవారిని ఎంచుకొనేటప్పుడు ప్రపంచమంతటి నుండి తీసుకొనేది సుమారు అరవై మందిని. పిల్లవాడి సెల్‌ఫోన్‌లో కనిపించేది ఆ అరవై మందిలో ఒకడి ముఖం. తక్కిన లక్షల మందికి బొమ్మలు వేసేవారు లేరు.

మా పిల్లవాడి ఫోన్ మీద ఉన్న బొమ్మ లెబ్రాన్ జేమ్స్‌ది. 1984 డిసెంబరులో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ పట్టణంలో పుట్టాడు. అప్పటికి తల్లి వయసు పదహారేళ్ళు. పాఠశాలలో ఉండగానే, 2002 ఫిబ్రవరిలో, ఒక ప్రసిద్ధ క్రీడా వారపత్రిక వాడి ముఖాన్ని అట్ట మీద వేసింది. వాడి ఆట చూడడానికి జనం ఎక్కువై, ఆ క్యాథలిక్ పాఠశాల తన మ్యాచ్‌లను విశ్వవిద్యాలయపు పెద్ద ఆవరణకు మార్చవలసి వచ్చింది. 2003లో పాఠశాల నుండి నేరుగా ఎన్‌బీఏలో మొదటి ఎంపికయ్యాడు. అందుకు ముందే బూట్ల కంపెనీ తొమ్మిది కోట్ల డాలర్ల ఒప్పందం వ్రాసింది. అలా బడి నుండి నేరుగా వెళ్ళే వీలు తరువాత లేకుండా పోయింది. 2005లో కుదిరిన ఒప్పందం ప్రకారం పంతొమ్మిదేళ్ళు నిండి, పాఠశాల ముగిసి ఏడాది గడవాలి.

ఇంతవరకు అందరికీ తెలిసిన కథే. నన్ను ఆలోచింపజేసింది అంతకు ముందు జరిగిన సంగతి. నాలుగో తరగతిలో ఆ పిల్లవాడు 80 రోజులకు పైగా బడికి వెళ్ళలేదు. తల్లికి నిలకడైన ఇల్లు లేక చోటు నుండి చోటుకు మారుతూ ఉండేవారు. అప్పుడు పిల్లల ఆటల శిక్షకుడొకాయన వాడిని తన ఇంటికి తీసుకుపోయి, తన బిడ్డలతో పాటు ఉంచుకున్నాడు. ఆ ఇంట్లో వేళకు నిద్ర, వేళకు బడి, ఇంటి పనిలో వంతు ఉండేవి. మరుసటి సంవత్సరం వాడు ఒక్కరోజు కూడా బడి మానలేదు. ఆలోచించండి. పద్దెనిమిదేళ్ళ వయసులో వాడు కావాలన్నవారు వేలమంది. తొమ్మిదేళ్ళ వయసులో కావాలన్నది ఒక్క కుటుంబం. 2018లో లెబ్రాన్ తన సొంత పట్టణంలో వెనుకబడిన పిల్లల కోసం ఒక పాఠశాలకు సాయపడి తెరిపించాడు. ఎవరు ఏ వయసులో తనను చేరదీశారో మరిచిపోనివాడు చేసే పని అది.

అందరి కథా అలా నడవదు. చికాగో నగరంలోని ఇద్దరు పేద పిల్లలను గురించి 1994లో హూప్ డ్రీమ్స్ అనే డాక్యుమెంటరీ చిత్రం వచ్చింది. దాదాపు ఐదేళ్ళపాటు వారి వెంట తిరిగి తీశారు. విలియం గేట్స్, ఆర్థర్ ఎజీ అనే ఆ ఇద్దరినీ పద్నాలుగేళ్ళ వయసులో నగరం వెలుపలి క్యాథలిక్ పాఠశాల పిలుచుకొంది. రోజూ ఎంతో దూరం ప్రయాణం చేసి వెళ్ళేవారు. విలియం త్వరగా రాణించాడు, వాడికి ఫీజు కట్టే దాతలు దొరికారు. ఆర్థర్‌కు ఫీజులో కొంత భాగమే మినహాయింపు. తక్కినది తల్లిదండ్రులు కట్టలేకపోయేసరికి, చదువు సంవత్సరం మధ్యలోనే వాడు బయటికి రావలసి వచ్చింది. వాడు తన పేటలోని ప్రభుత్వ పాఠశాలలో చేరి, 1991లో ఆ జట్టును రాష్ట్రంలో మూడో స్థానానికి తీసుకువెళ్ళాడు. అందరూ ఆశ పెట్టుకున్న విలియంకు మోకాలు దెబ్బతింది. శస్త్రచికిత్సలు జరిగాయి. మార్క్వెట్ విశ్వవిద్యాలయం వాడికి సీటు ఇచ్చింది గాని, ఎన్‌బీఏ గడప ఇద్దరూ తొక్కలేదు. విలియం గేట్స్ తరువాత ఏమయ్యాడో తెలుసా? పాస్టరయ్యాడు. తాను పెరిగిన చికాగో పేటలోనే సంఘాన్ని నడిపించాడు. ఈ సంగతి చదివినప్పుడు నాకు ఆ ఆటగాడి మీద ఒక తోటి పనివాడి మీద కలిగే ఆపేక్ష కలిగింది.

మన దేశానికి వద్దాం. పంజాబులో బల్లో కే అనే చిన్న ఊరు. అక్కడి రైతు కుమారుడు సత్నాం సింగ్ భమరా 1995లో పుట్టాడు. తండ్రి కూడా మంచి పొడగరి, కాని ఆయనకు ఆడే అవకాశం రాలేదు. కొడుకును మాత్రం లూధియానా బాస్కెట్‌బాల్ అకాడమీలో చేర్చాడు. 2010లో, పద్నాలుగేళ్ళ వయసులో, స్కాలర్‌షిప్పు మీద అమెరికాలోని ఫ్లోరిడాకు వెళ్ళాడు. అప్పటికి వాడికి ఇంగ్లీషు రాదు. ఐదేళ్ళు అక్కడే ఉండి ఏడడుగుల రెండంగుళాలకు పెరిగాడు. కళాశాల జట్టులో ఆడడానికి కావలసిన చదువు అర్హత కుదరలేదు. 2015 జూన్‌లో డాలస్ జట్టు 52వ ఎంపికగా తీసుకొంది. ఎన్‌బీఏ ఎంపికైన మొదటి భారతీయుడు వాడే. ఆ రోజు దేశమంతా సంబరపడింది. అయితే ఆ సంఘంలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. కింది స్థాయి పోటీల్లో రెండేళ్ళు, తరువాత కెనడాలో కొంతకాలం ఆడాడు. 2019లో నిషిద్ధ పదార్థాల పరీక్షలో దొరికి, 2020 డిసెంబరులో రెండేళ్ళ నిషేధానికి గురయ్యాడు. తెలిసి తీసుకోలేదని వాడు చెప్పుకున్నాడు. 2021లో అమెరికాలో కుస్తీ ప్రదర్శనల కంపెనీలో చేరాడు. దీన్ని పతనమని నేను అనను. ఒక రైతు బిడ్డ తన కాళ్ళ మీద నిలబడ్డాడు. కాని పద్నాలుగేళ్ళకు ఇల్లు విడిచిన బిడ్డకు ఏ ఆహారం తింటున్నావు, ఏ మందు మింగుతున్నావు, పరీక్ష ఎలా వ్రాశావు అని రోజూ అడిగే మనిషి ఒకరు పక్కన ఉండాలని మాత్రం ఈ కథ చెబుతుంది.

ఇంత దూరం తిరిగి మన గడపకే వచ్చాను. చిత్తూరు జిల్లా ఎర్రావారిపాళెం మండలం 2022 నుండి తిరుపతి జిల్లాలో ఉంది. అక్కడి పల్లెలో 1990లో పుట్టిన ఎతిమరపు రజని ఒక వడ్రంగి కుమార్తె. ఆమె ఆట బాస్కెట్‌బాల్ కాదు, హాకీ. ఆమె స్థానం గోల్‌కీపరు. పల్లె బడిలో మొదలుపెట్టి భారత జట్టుకు చేరింది. 2017లో ఆసియా కప్ గెలిచిన జట్టులో, 2018 ఆసియా క్రీడల్లో వెండి పతకం తెచ్చిన జట్టులో, 2022లో బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడల్లో కంచు పతకం పొందిన జట్టులో ఆమె ఉంది.

ఆమె జీవితంలో నాకు నచ్చింది పతకాలకన్నా ఇంకొకటి. హాకీలో గోల్ దగ్గర నిలిచేది ఒక్కరే. ఆ సంవత్సరాలలో మన జట్టుకు మొదటి గోల్‌కీపరు సవిత. కనుక రజని ఎన్నో పోటీల్లో బెంచి మీద కూర్చోవలసి వచ్చింది. 2021లో టోక్యో ఒలింపిక్స్‌కు ఆమెను ప్రత్యామ్నాయ గోల్‌కీపరుగా తీసుకువెళ్ళారు. ఆగస్టు 6న కంచు పతకం మ్యాచ్‌లో మన అమ్మాయిలు బ్రిటన్ చేతిలో 4-3 తేడాతో ఓడిపోయి నాల్గవ స్థానంలో నిలిచారు. తిరిగి వచ్చాక రాష్ట్ర ప్రభుత్వం రజనికి 25 లక్షల రూపాయలు, తిరుపతిలో ఇంటి స్థలం ప్రకటించింది. అందరూ ఆ డబ్బును గురించి మాట్లాడుకున్నారు. నేను ఆ బెంచిని గురించి ఆలోచించాను. ఆడతానో లేదో తెలియకపోయినా ప్రతి ఉదయం లేచి, ఆ బరువైన ప్యాడ్లు కట్టుకొని, వందల బంతులు ఆపి, సాయంత్రం మరొకరు ఆడుతుంటే చప్పట్లు కొట్టాలి. అది ఏళ్ళ తరబడి చేసింది ఆమె. 2024 జనవరిలో మస్కట్‌లో ఐదుగురేసి ఆడే హాకీ ప్రపంచ కప్ జరిగినప్పుడు భారత జట్టుకు నాయకురాలు ఆమే. ఆ జట్టు ఫైనలుకు చేరి రెండో స్థానం పొందింది. అప్పటికి ఆమె వయసు ముప్పై మూడు.

వారం తరువాత ఆ తల్లిదండ్రులను, పిల్లవాడిని కూర్చోబెట్టి ఇవన్నీ చెప్పాను. వ్యాయామ ఉపాధ్యాయులను కూడా పిలిపించాము. పంపాలా వద్దా అని తీర్పు చెప్పే పని నాది కాదన్నాను. అయితే పిలిచినవారిని నాలుగు ప్రశ్నలు అడగమన్నాను. పదో తరగతి పరీక్ష ఎక్కడ వ్రాయిస్తారు? మోకాలు విరిగితే ఆసుపత్రి ఖర్చు ఎవరిది, ఆ తరువాత హాస్టల్లో చోటు ఉంటుందా? సంతకం పెట్టమనే కాగితంలో ఏముంది? బిడ్డ రాత్రి పూట ఏడిస్తే ఎవరి దగ్గరికి పోవాలి?

తండ్రి నా ఎదుటే ఫోన్ చేశాడు. తిండి, బూట్ల సంగతి వాళ్ళు గడగడా చెప్పారు. పరీక్ష సంగతి తరువాత చూద్దామన్నారు. దెబ్బ తగిలితే అని అడిగితే, అలాంటివేమీ జరగవన్నారు. కాగితం మాత్రం పంపించారు. ఇంగ్లీషులో ఉన్న దాన్ని నేను తెలుగులో చదివి వినిపించాను. ఒరిజినల్ సర్టిఫికెట్లు వారి దగ్గరే ఉంటాయట. మధ్యలో వచ్చేస్తే అప్పటిదాకా పెట్టిన ఖర్చంతా తిరిగి కట్టాలట. నాలుగో ప్రశ్నకు సమాధానమే రాలేదు.

తల్లిదండ్రులు ఈ ఏడు పంపకూడదని నిర్ణయించుకున్నారు. పిల్లవాడు లేచి నిలబడ్డాడు. వాడి తల మా మందిరం వరండా పైకప్పును తాకుతుందా అన్నట్టు ఉంది.

"మళ్ళీ పిలవకపోతే ఏం జేసేది అయ్యగారూ?" అన్నాడు.

"పిలవకపోవచ్చు నాయనా" అన్నాను. తప్పకుండా పిలుస్తారని చెప్పడానికి నా దగ్గర ఆధారమేమీ లేదు. పదిహేనేళ్ళ పిల్లవాడికి తీపి అబద్ధం చెప్పి సముదాయించడం సులభం. కాని వాడు అడిగినది నిజమైన ప్రశ్న గనుక దానికి నిజమైన జవాబే ఇవ్వాలి.

రెండు వారాలు వాడు మందిరానికి రాలేదు. నేను కబురు పంపలేదు, వెళ్ళి గద్దించలేదు. మూడో వారం తెల్లవారుజామున పాల క్యాన్లు ఎత్తడంలో తండ్రికి సాయం చేసి, అటునుంచి అటే బడి మైదానానికి పోయి రింగు దగ్గర ఒంటరిగా బంతి వేస్తున్నాడని వ్యాయామ ఉపాధ్యాయులు చెప్పారు. మార్చిలో పరీక్షలు అయ్యాక ప్రభుత్వ క్రీడా పాఠశాలల ఎంపికలు ఎక్కడ జరిగితే అక్కడికి తానే వెంటబెట్టుకొని పోతానని ఆయన మాట ఇచ్చారు. అకాడమీ వారు మళ్ళీ ఫోన్ చేయలేదు. పిల్లవాడి కోపం పూర్తిగా తగ్గిందని కూడా నేను చెప్పలేను. ఆ ఇంట్లో ఇప్పటికీ భోజనాల దగ్గర ఆ మాట వస్తూనే ఉందట. రానివ్వండి. మాట్లాడుకునే ఇల్లు నిలుస్తుంది.

ప్రియ తల్లిదండ్రులారా, మీ బిడ్డకు పిలుపు వస్తే భయపడి తలుపు వేయకండి. పల్లె బిడ్డలకు ఆట ఒక మంచి దారి. రైల్వేల వంటి సంస్థలు ఆటగాళ్ళకు ఉద్యోగాలిస్తున్నాయి. ఆడపిల్లల విషయంలో మరీ ముఖ్యంగా, పొట్టి నిక్కరు వేసుకొని ఆడుతుందేమిటని నోళ్ళు నొక్కుకునే వారి మాట పక్కన పెట్టండి. కాని పిలిచినవాడి మర్యాదను చూసి మురిసిపోక, ఆ నాలుగు ప్రశ్నలూ అడగండి. మంచి సంస్థలు ఆ ప్రశ్నలకు నొచ్చుకోవు.

సంఘ పెద్దలకు ఒక మనవి. బిడ్డ గెలిచి వచ్చిన రోజున ఫ్లెక్సీ కట్టి, దండ వేసి, వేదిక మీద నిలబెట్టడానికి మనం తొందరపడతాము. ఆ డబ్బులో సగంతో ఒక జత మంచి బూట్లు కొనివ్వవచ్చు. ఎంపికలకు పోయే బస్సు ఛార్జీ ఇవ్వవచ్చు. జట్టులో పేరు రాని రోజున ఆ ఇంటికి పోయి కాసేపు కూర్చొని రావచ్చు. పొడుగు బిడ్డను అందరూ చూస్తారు. మోకాలు దెబ్బతిని ఇంటికి వచ్చిన బిడ్డకు బల్ల మీద పక్కకు జరిగి చోటివ్వడం మన పని.